ఒంటిచేతి పులప్ – 4వ పాఠం: తువ్వాలు, సుత్తి, మోచేయి

మూడో పాఠం పూర్తిచేసినవాళ్ళు ఈపాటికి ఆగకుండా 15 పులప్స్ (బార్‌కి వేలాడి, గడ్డం దాని పైకి వచ్చేదాకా ఒంటిని లాగడం) తీస్తుంటారు, నడుముకి బరువు కట్టుకుని ఐదేసి చొప్పున మూడు సెట్లు కూడా చేస్తుంటారు. ఇంకా అక్కడికి రాకపోతే కంగారేం లేదు, ఈ పాఠం పక్కన పెట్టి వెనక్కి వెళ్ళండి, ఎందుకంటే ఇవాళ్టి నుంచి ఒక్కో చేతి మీద పడే బరువు బాగా పెరుగుతుంది. 70 కిలోల మనిషి రెండు చేతులతో బార్‌కి వేలాడితే ఒక్కో చేతికి 35 కిలోలు. నడుముకి ఇంకో 35 కిలోలు కట్టుకున్నా ఒక్కో చేతికి వచ్చేది 52న్నరే. ఒక చెయ్యి పూర్తిగా తీసేస్తే మిగిలినదాని మీద 70 పడుతుంది. ఆ 17న్నర కిలోల తేడా దగ్గరే చాలామంది మోచేతులు పాడుచేసుకుంటారు.

కండకి రక్తం బాగా అందుతుంది, ఏడెనిమిది వారాలు సరిగ్గా చేస్తే బలం పెరిగినట్టు మనకే తెలుస్తుంది. ఆ కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌కి రక్తం తక్కువ, అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. కాబట్టి ఒక దశలో కండ సిద్ధంగా ఉంటుంది, టెండన్ ఉండదు. మనవాళ్ళు మోచేయి నొప్పెడితే 'నరం పట్టేసింది' అనేసి నూనె రాసి ఊరుకుంటారు, మర్నాడు మళ్ళీ బార్ ఎక్కుతారు. అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి చాపండి, మోచేతి దగ్గర ఒంటివైపు ఒక ఎముక బొడిపె తగులుతుంది. వేళ్ళు ముడిచే కండలు, మణికట్టు వంచే కండలు చాలావరకు అక్కడే అతుక్కుని ఉంటాయి. అక్కడ వచ్చే నొప్పికే గోల్ఫర్స్ ఎల్బో అని పేరు, గోల్ఫ్ ఆడనివాళ్ళకీ వస్తుంది.

నాకు వచ్చింది నెగెటివ్స్ వల్ల. రెండు చేతులతో పైకెళ్ళి, ఒక చెయ్యి వదిలేసి, ఒంటిచేత్తో మెల్లగా దిగడం. ఎత్తలేని బరువుని కూడా దించగలం కాబట్టి అది చాలా తొందరగా చేతనవుతుంది, 'నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. రెండో వారంలో ఒకరోజు స్నానం చేసి తడి తువ్వాలు పిండుతుంటే మోచేతి లోపల సూది గుచ్చినట్టయింది. ఆరోజు సాయంత్రం కూడా చేశాను. ఆ తర్వాత ఐదు నెలలు ఆ చేత్తో నిండు బకెట్ ఎత్తలేదు. అందుకే ఈ పాఠంలో నెగెటివ్స్ లేవు, ఆరో పాఠం దాకా రావు.

ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్ళలోనూ ఇదే తొందర చూస్తుంటాను. బీమ్ మీద 10 తీస్తే 40కి 40 మార్కులు, అందుకని ఆఖరి నెలలో పొద్దునా సాయంత్రం రోజూ తీస్తారు. తమ్ముళ్ళూ, మీది రెండుచేతుల పులప్ అయినా మధ్యలో ఒకరోజు ఖాళీ ఇవ్వండి.

ఇక పని. వారానికి రెండుసార్లే, సోమవారం, గురువారం అనుకోండి. గట్టి కాటన్ టవల్ ఒకటి తీసుకోండి, పాతబడి నీరసించినది వద్దు. బార్ మీద వేసి రెండు కొసలూ కలిపితే అది తాడులా వేలాడుతుంది. దాని మీద పైనుంచి కిందికి బెత్తెడు బెత్తెడు దూరంలో స్కెచ్ పెన్నుతో ఐదు గీతలు గీయండి. ఒక చెయ్యి బార్ మీద, అరచెయ్యి ముఖం వైపు. రెండో చెయ్యి టవల్ మీద, పై గీత దగ్గర. ఇప్పుడు లాగండి. టవల్ చెయ్యి సాయం చేస్తుంది. ఎంత కింద పట్టుకుంటే అంత తక్కువ సాయం. చేతికి మూడేసి చొప్పున నాలుగు సెట్లు, బలహీనమైన చేత్తో మొదలుపెట్టాలి, బలమైన చెయ్యి దానికంటే ఒక్కటి కూడా ఎక్కువ చేయకూడదు. సెట్టుకి సెట్టుకి మధ్య మూడు నిమిషాలు.

పైకి వెళ్ళడం కంటే కింద ఏం జరుగుతోందో ముఖ్యంగా చూసుకోండి. దిగేటప్పుడు చివరి జానెడు దూరం దభాలున వదిలేస్తే బరువంతా ఒక్క కుదుపుతో మోచేతి మీద, భుజం మీద పడుతుంది. చెయ్యి చాపుకున్నాక కూడా భుజం చెవికి ఆనకుండా కిందికి లాగి పట్టుకోండి. ఇంకో మాట, కింద వేలాడేటప్పుడు ఒళ్ళు కొంచెం తిరుగుతుంది, తిరగనివ్వండి. తిన్నని బార్ మీద ముంజేతిని బిగబట్టి ఒకే వైపు ఉంచాలని చూస్తే ఆ మెలి అంతా మోచేయి మోయాలి. జిమ్నాస్టిక్స్‌లో వాడే, పట్టీలతో వేలాడే చెక్క రింగులు కొనుక్కోగలిగితే ఇంకా మంచిది, వాటిలో చెయ్యి తనకి అనువైన వైపు తనే తిరుగుతుంది.

అది అయ్యాక సుత్తి. ఇంట్లో ఉన్నదే చాలు. కుర్చీలో కూర్చుని ముంజేతిని తొడ మీద ఆనించి, సుత్తి పిడి చివర పట్టుకుని, తల భాగం పైకి ఉంచి, మూడు సెకన్లు లెక్కపెడుతూ లోపలికి, మూడు లెక్కపెడుతూ బయటికి వాల్చండి. పన్నెండు సార్లు, రెండు సెట్లు. బరువనిపిస్తే పిడిని సుత్తి తలకి దగ్గరగా పట్టుకోండి. తర్వాత చిన్న డంబెల్‌తో మణికట్టు పైకి వంచి, నాలుగు సెకన్లు పట్టేలా దించాలి, పదిహేను చొప్పున మూడు సెట్లు. బోర్ కొడుతుంది, నిజమే. నా మోచేయి కోలుకుంది ఈ బోర్ పని వల్లే, దయచేసి మానకండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మర్నాడు పొద్దున తడి తువ్వాలు పిండి, నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె రాయండి. మూడు దాకా అయితే అదే గీత మీద కొనసాగండి. నాలుగు, అయిదు అయితే ఒక గీత పైకి వెళ్ళి సాయం పెంచుకోండి. ఇంకా ఎక్కువయితే ఒంటిచేతి పని ఆపేయండి, కానీ మంచం ఎక్కకండి. అసలు పనే లేకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. కాళ్ళు స్టూల్ మీద ఆనించి, మోచేతులు సగం వంచి, రెండు చేతులతో బార్ పట్టుకుని 30 నుంచి 40 సెకన్లు కదలకుండా ఉండండి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ, మొత్తం ఐదుసార్లు. నొప్పి భరించగలిగేంతలోనే ఉండాలి.

మందుల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర విరేచనాలు పట్టుకుంటే షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అమెరికాలో మందులని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక ముద్రించమంది. డాక్టర్ రాసిస్తే మధ్యలో మీ అంతట మీరు ఆపకండి, మీరు చేసే వ్యాయామం గురించి ఆయనకి చెప్పండి, వాడుతున్నన్ని రోజులూ, తర్వాత కొన్ని వారాలూ బార్ జోలికి వెళ్ళకండి. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కి చూపించుకోండి. మోచేతి దగ్గర టప్‌మని శబ్దం వచ్చి, కమిలి, జబ్బ కండ పైకి ముద్దకట్టినట్టయితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు వారాలు, ఆరుసార్లు. వరుసగా రెండు పొద్దుళ్ళ అంకె రెండు దాటకపోతేనే ఒక గీత కిందికి దిగండి. ఆఖరికి మూడో గీత మీద హాయిగా చేస్తున్నవాళ్ళకి ఐదో పాఠంలో సగం ఎత్తులో ఒంటిచేత్తో బార్ పట్టుకుని కదలకుండా ఆగడం నేర్పిస్తాను. ఒకటో రెండో గీత మీదే ఉన్నవాళ్ళు అదే టవల్, అదే సుత్తితో ఇంకో మూడు వారాలు చేసి రండి.