తాళ్లు పారే రోజులు: చెట్టు మీది నుంచి పడ్డ మనిషిని లేపకండి

మాఘం దాటిందంటే నల్లగొండ జిల్లా నకిరేకల్, మునుగోడు వైపు తాళ్లు పారుతుంటాయి, అంటే తాటిచెట్ల నుంచి కల్లు దిగుతుంటుంది. చెట్టెక్కే మోకు, ముత్తాదు అరిగాయేమో కల్లు గీసే గౌడన్నలు ఎలాగూ చూసుకుంటారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన, చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య కిట్టు ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో మేకుకు తగిలించకుండా కట్టుకునే ఎక్కాలి. నేను చెప్పేది మాత్రం కింద ఉండేవాళ్లకు: కల్లుకొచ్చినవాళ్లకు, పక్క చెలకలో పని చేసేవాళ్లకు.

మనిషి పడగానే మనమేం చేస్తాం? ఒకరు చంకల్లో, ఒకరు కాళ్ల దగ్గర పట్టి బస్తాలా లేపి, చెట్టుకు ఆనించి నీళ్లు తాగిస్తాం. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపడంలోనే లోపలి వెన్నుపాము నలగొచ్చు. అప్పటిదాకా ఆడిన కాళ్లు ఆడకుండా పోవచ్చు. మూడడుగుల నుంచి పడ్డా మెడను అనుమానించాలంటారు డాక్టర్లు. ఇక తాటిచెట్టు సంగతి చెప్పాలా?

అతనికి కనపడేలా ఎదురుగా వెళ్లి పలకరించండి, వెనక నుంచి పిలిస్తే తల తిప్పుతాడు. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెవుల పక్కన రెండు చేతులు పెట్టి తల ఎలా ఉంటే అలాగే పట్టుకోవాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేసి, చెట్టు మీది నుంచి పడ్డాడని, కాళ్లు కదులుతున్నాయో లేదో చెప్పాలి. బండికి చెలక దారి తెలియదు, ఒకరు రోడ్డు మీద నిలబడాలి. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి అదమండి.

మెడ, నడుము నొప్పా, చేతులు తిమ్మిరా అని అడగండి. పాదం ముట్టుకుని, ఏ వేలు పట్టుకున్నానో చెప్పమనండి. తెలియకుండానే లుంగీ తడిస్తే వెన్నుపాముకు దెబ్బ తగిలిందనడానికి అది పెద్ద గుర్తు. కల్లు తాగి ఉన్నవాడు ‘నాకేం కాలే’ అంటే నమ్మొద్దు. ఎండ కొడుతుంటే మనిషిని నీడకు లాగకండి, దుప్పటి పట్టి నీడనే అక్కడికి తెండి.

వాంతి వస్తే నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి, అందరూ ఒకేసారి తిప్పేలా తల పట్టుకున్నవాడు ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్క చెప్పాలి. ఊపిరే ఆడకపోతే మాత్రం మెడ సంగతి తర్వాత, వెల్లకిలా పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

బండి రాక మోయాల్సి వస్తే నులక మంచం వద్దు, నడుము కుంగుతుంది. తలుపు చెక్క నయం.

మా పెదనాయన నిలువునా పాదాల మీద పడ్డాడు. ఆసుపత్రిలో మడమకు కట్టు కట్టి పంపారు. నడుములో పూస నలిగిందని మూడో వారంలో తెలిసింది. నిలువునా పడి మడమ నొప్పి అన్నవాడికి నడుము ఎక్స్‌రే కూడా తీయమని మీరే అడగండి.