ఉచిత సాఫ్ట్‌వేర్‌ను టీమ్ పనిలోకి తెచ్చుకునే ముందు జాగ్రత్తలు

ముందుగా, అది ఏ రకం ఉచితమో తేల్చుకోవాలి. సోర్స్ కోడ్‌తో సహా స్వేచ్ఛగా వాడుకోనిచ్చేది వేరు, ప్రస్తుతానికి డబ్బు అడగనిది వేరు.

లైసెన్సును చివరిదాకా చదవాలి. విసుగు పుట్టించే పనే అయినా తప్పదు. ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపించే డాకర్ డెస్క్‌టాప్‌ను అందరూ ఊరికే వాడుకుంటున్న రోజుల్లో, 2021 ఆగస్టులో నిబంధనలు మారి, 250 మందికి మించి ఉద్యోగులు గానీ, ఏటా కోటి డాలర్లకు మించి ఆదాయం గానీ ఉన్న సంస్థలు చందా కట్టవలసి వచ్చింది. దాని లోపల పనిచేసే డాకర్ ఇంజిన్ మాత్రం స్వేచ్ఛగా వాడుకోనిచ్చే అపాచీ లైసెన్సు కిందే ఉంది కనుక, పేరు ఒకటైనా ఏది ఇన్‌స్టాల్ చేస్తున్నామో చూసుకోవాలి.

ప్రాజెక్టు ఒకే కంపెనీ చేతిలో ఉందా అన్నదీ గమనించాలి. సర్వర్లను కోడ్‌తో సిద్ధం చేసే టెర్రాఫామ్ 2023 ఆగస్టులో, వాడకానికి పరిమితులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మారితే, పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు పుట్టింది. అన్నిటికీ అలాంటి ప్రత్యామ్నాయం దొరకదు.

డౌన్‌లోడ్ అధికారిక చోటు నుంచే చేసుకోవాలి, అయితే అదొక్కటే చాలదు. 2024 మార్చిలో బయటపడ్డ దొంగదారి (బ్యాక్‌డోర్), ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్ల అసలు విడుదలల్లోనే ఉంది. కొత్త వెర్షన్ వచ్చిన రోజే టీమ్ అందరి మెషీన్లలో ఎక్కించకపోవడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం, మన డేటాతో సహా బయటకు వచ్చే దారి. పనులను, లోపాలను టికెట్లుగా రాసుకునే ఇష్యూ ట్రాకర్ అయితే పది టికెట్లు పెట్టి, కామెంట్లు రాసి, స్క్రీన్‌షాట్లు జతచేసి, ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలును తెరిచి చూడాలి. టికెట్ల శీర్షికలు వచ్చి, కామెంట్లు, జతచేసిన ఫైళ్లు రాకపోతే ఆ సాధనాన్ని అక్కడే పక్కన పెట్టాలి. బ్యాకప్‌ను కూడా వేరే మెషీన్‌లో ఒకసారి రిస్టోర్ చేసి చూశాకే నమ్మాలి.