అడవి నాభి తీగ: పువ్వుకి పెంచుకోండి, దుంపని మందుకి మాత్రం ముట్టుకోకండి

అడవి నాభి అంటే కొంతమందికి తెలుస్తుంది, అగ్నిశిఖ అంటే ఇంకొంతమందికి, ఆయుర్వేదం వాళ్ళయితే లాంగలి అంటారు, కడియం వైపు నర్సరీల్లో గ్లోరియోసా లిల్లీ అని అడిగితే అర్థమవుతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువనున్న దేశాల్లోనూ, మన దేశంలోనూ, శ్రీలంకలోనూ దానంతటదే మొలిచి పొదల మీదికి పాకే తీగ ఇది. జింబాబ్వేకి జాతీయ పుష్పం. 1947లో ఆ దేశం ఇంకా దక్షిణ రొడీషియాగా ఉన్నప్పుడు ఎలిజబెత్ రాణి యువరాణిగా వెళ్తే ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రోచ్ చేయించి ఇచ్చారు. మన పక్కన తమిళనాడుకి రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

మొక్కలో దుంప నుంచి గింజ దాకా అంతా విషమే, మళ్ళీ అందులోంచే మంచి మందూ వస్తుంది. అందుకే పెంచే పద్ధతి, మందు సంగతి రెండూ కలిపి రాస్తున్నాను, ఒకటి చదివి ఇంకోటి వదిలెయ్యకండి.

ముందు దుంప. వేలెడు లావులో, ఇంగ్లీష్ వి అక్షరంలా రెండు కొమ్ములతో ఉంటుంది, ఆ కొమ్ముల చివర్లలోనే మొలక వచ్చే కన్ను ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. కొనేటప్పుడు చూడాల్సింది ఆ చివర్లే అండి, అవి విరిగిపోయిన దుంప ఎంత బలంగా ఉన్నా మొలవదు. మధ్యలో విరిగి రెండు ముక్కలయితే ఫర్వాలేదు, దేని కన్ను దానికుంటే రెండూ మొలుస్తాయి. పట్టుకునేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోండి, కొంతమందికి రసం తగిలితే చర్మం మండుతుంది, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మన గోదావరి డెల్టాలో దీనికి పెద్ద శత్రువు మట్టే. వరికి బంగారం లాంటి మన ఒండ్రు మట్టి నీళ్ళని పట్టుకుని వదలదు, అందులో ఈ దుంప పెడితే వారం రోజుల ముసురుకే కుళ్ళిపోతుంది. కాబట్టి నేలలో కాకుండా కుండీలో పెట్టండి, పన్నెండు అంగుళాల కుండీ, కింద బెజ్జాలు బాగా ఉండాలి, సగం ఇసక, మిగతా సగం ఎర్రమట్టీ బాగా చివికిన పశువుల ఎరువూ. సముద్రం దగ్గర, అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసక నేలలున్నవాళ్ళకి ఈ గొడవ లేదు, కాస్త ఎత్తు చేసుకుని నేలలోనే పెట్టుకోవచ్చు. పెట్టే ముందు దుంపకి ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళని అడ్డుకునే మంచి శిలీంధ్రం) పొడి పట్టిస్తే కుళ్ళు తగ్గుతుంది. దుంపని అడ్డంగా పడుకోబెట్టి పైన రెండు మూడు అంగుళాల మట్టి కప్పాలి, మొలకొచ్చేటప్పుడు కన్ను గోడకి కొట్టుకోకుండా కుండీ మధ్యకి తిప్పి పెట్టండి.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక పెడితే సరిపోతుంది. మొలక పైకొచ్చేదాకా మట్టి తడిగా ఉంటే చాలు, బురద చెయ్యకండి, ముసురు రోజుల్లో అసలు పొయ్యక్కర్లేదు.

మొలక జానెడు ఎత్తు రాగానే ఊతం పెట్టెయ్యాలి, ఆలస్యం చేస్తే పడిపోయి మెడ దగ్గర విరిగిపోతుంది. ఇక్కడే ఈ మొక్క అందం చూడాలి. బీరకీ కాకరకీ ఉన్నట్టు దీనికి వేరే నులితీగలు ఉండవు, ఆకు చివరే సన్నగా సాగి మెలి తిరిగి దొరికినదాన్ని చుట్టేసుకుంటుంది, అంటే ఆకే చెయ్యి. ఆ చెయ్యి చిన్నది కాబట్టి లావు కర్ర పట్టుకోలేదు, సన్నటి సరుగుడు పుల్లలో, నైలాన్ తాడో, ఇనప జాలీనో కావాలి. ఆరేడు అడుగులు సులువుగా ఎక్కుతుంది.

ఆగస్టు నుంచి పూలు మొదలవుతాయి. మొగ్గ ఆకుపచ్చగా తల వంచుకుని వేలాడుతుంది, విచ్చుకున్నాక ఆరు రేకలూ వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి, అంచులు అలల్లా వంకర్లు తిరిగి ఉంటాయి, మొదట్లో పసుపు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు పాకి చివరికి పువ్వంతా ఎర్రబడిపోతుంది. దగ్గరికెళ్ళి చూడండి, పుప్పొడి ఉండే ఆరు కేసరాలూ చుట్టూ చాపుకుని ఉంటే, పుప్పొడిని అందుకునే కాడ, అంటే కీలం, మాత్రం మొదట్లోనే తొంభై డిగ్రీలు పక్కకి వంగి దూరంగా ఉంటుంది. దానివల్ల సొంత పుప్పొడి అంత తేలిగ్గా అంటదు. గింజ కావాలంటే పొద్దున్నే చిన్న బ్రష్‌తో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వు కీలం కొసకి రాయాలి, తమిళనాడులో ఎకరాల్లో పండించే రైతులు కూడా కూలీల్ని పెట్టి ఈ పని చేతితోనే చేయిస్తారు. అక్కడి గింజలు మందుల కంపెనీలకి పోతాయి. ఇంట్లో పిల్లలుంటే మాత్రం కాయ కట్టనివ్వకండి, వాడిన పువ్వు వాడినట్టే తుంచెయ్యండి, ఎందుకంటే కాయ పగిలాక ఎర్రటి గుండ్రటి గింజలు చూడటానికి తినేవాటిలాగే ఉంటాయి, వాటిలో విషం దుంపలో కన్నా ఎక్కువ.

పురుగుల్లో చెప్పుకోవాల్సింది ఒక్క గొంగళి పురుగే, నల్లగా తెలుపు ఎరుపు చుక్కలతో ఉంటుంది, గుంపుగా పడితే తీగని మోడు చేసేస్తుంది. గ్లవ్స్‌తో ఏరెయ్యడం, వేపనూనె కొట్టడం, అంతే.

ఇప్పుడు మందు సంగతి. ఈ మొక్కలో ఉండే ముఖ్యమైన పదార్థం కోల్చిసిన్. దీన్ని మొదట 1820లో ఫ్రాన్స్‌లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు వేరుచేశారు, ఈ తీగకి చుట్టమయిన యూరప్ మొక్క కోల్చికం నుంచి. అది ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. కణం రెండుగా విడిపోవాలన్నా, తెల్ల రక్తకణం ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలన్నా లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలు కట్టుకోవాలి, కోల్చిసిన్ వాటిని కట్టుకోనివ్వదు. యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలి కీలు రాత్రికి రాత్రి వాచిపోయే గౌట్‌లో, తెల్ల రక్తకణాలు అక్కడ గుమిగూడటం తగ్గి వాపూ నొప్పీ దిగుతాయి. గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్ళకి రోజుకి అర మిల్లీగ్రాము ఇవ్వడానికి 2023లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది కూడా. పంటల పరిశోధనలోనూ వాడతారు, కోల్చిసిన్‌తో క్రోమోజోములు రెట్టింపు చెయ్యొచ్చని 1937లో తేలింది, గింజల్లేని పుచ్చకాయ తయారీలో ఆ పద్ధతి ఉంది.

అదే పదార్థం కొంచెం ఎక్కువైతే ఒంట్లో వేగంగా పెరిగే కణాలన్నీ ఆగిపోతాయి, అంటే పేగుల పొర, ఎముక మజ్జ, జుట్టు కుదుళ్ళు. దుంప తిన్న కొన్ని గంటల్లో నోరు మంట, వాంతులు, నీళ్ళ విరేచనాలు వస్తాయి, తర్వాత రెండు మూడు రోజుల్లో రక్తకణాలు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం, బతికినవాళ్ళకి ఒకటి రెండు వారాలకి జుట్టు ఊడిపోవడం. మందుకీ విషానికీ మధ్య తేడా మిల్లీగ్రాముల్లో ఉంటుంది, దుంపలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో వంటింటి కత్తిపీట చెప్పలేదు కదా.

ఆఫ్రికాలో ఆకు రసం పేలు చావడానికి తలకి రాస్తారు, దుంప నూరి బెణుకులకి పట్టేస్తారు. మన దగ్గర తేలు కుట్టినా పాము కరిచినా పట్టెయ్యడం, కాన్పు తొందరగా అవ్వాలని పొట్టకి రాయడం ఉండేది. ఈ చివరిది చాలా ప్రమాదం, గర్భిణీలు ఈ మొక్కకి దూరంగా ఉండాలి. పాము కాటుకి ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవీనమే మందు. ఆయుర్వేదంలో లాంగలిని గోమూత్రంలో నానబెట్టి శుద్ధి చేశాకే వాడతారు, ప్రభుత్వం కూడా డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో షెడ్యూల్ ఈ-1 విషాల జాబితాలో దీన్ని పెట్టింది, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. ఇంకోటి, పచారీ కొట్లో ఉత్త నాభి అని అడిగితే వత్సనాభి ఇచ్చే అవకాశం ఉంది, అది పూర్తిగా వేరే మొక్క, ఇంకా ఘాటు విషం. గౌట్ ఉన్నవాళ్ళు డాక్టర్ రాసిన టాబ్లెట్టే వేసుకోండి, కిడ్నీ జబ్బున్నా, కొలెస్ట్రాల్ మందు గానీ క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ గానీ వాడుతున్నా ముందే చెప్పండి.

ఎవరైనా పొరపాటున తింటే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నాలు చెయ్యకండి, వాంతులు మొదలవ్వలేదు కదా అని ఇంట్లో కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేసి మొక్క ముక్క ఒకటి కవర్‌లో వేసి తీసుకెళ్ళండి. దీనికి మామూలుగా దొరికే విరుగుడు లేదు, ఎంత తొందరగా చేరితే అంత మంచిది.

నవంబర్ డిసెంబర్‌కి తీగ పసుపెక్కి ఎండిపోతుంది, చచ్చిపోయిందని పారెయ్యకండి, కింద పాత దుంప కుళ్ళి దాని బదులు కొత్త దుంప తయారయి ఉంటుంది. నీళ్ళు ఆపేసి, తుఫాను వానలు పడని చోటికి కుండీ జరపండి. దుంప తీసి దాచేవాళ్ళు పొడి ఇసకలో పెట్టి డబ్బా మీద విషం అని పెద్ద అక్షరాలతో రాయండి. మన కోనసీమ ఇళ్ళలో కంద, పెండలం, చిలగడదుంపలు ఓ మూల పోసి ఉంటాయి, శ్రీలంకలో చిలగడదుంప అనుకుని దీన్ని తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఆ డబ్బా వంటింట్లోనూ పెరట్లో దుంపల దగ్గరా కాకుండా తాళం ఉన్నచోట పెట్టండి.