సెప్టిక్ షాక్‌లో గుండె కూడా బలహీనపడితే: మానిటర్ అంకెలు, అసలు లోపాలు, సర్దుబాట్లు

సెప్టిక్ షాక్ (తీవ్ర ఇన్ఫెక్షన్ వల్ల రక్తప్రసరణ దెబ్బతినడం) పేషెంటుకు బీపీ పడిపోతే చెయ్యి ముందు సెలైన్ మీదికి, తర్వాత నార్‌అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించే మందు) పంపు మీదికి పోతుంది. గుండె బాగున్నంతవరకు ఈ పద్ధతి చాలావరకు నడుస్తుంది. గుండె కండరం నీరసించాక ఇదే చికిత్స ఎదురు తిరగొచ్చు. అందుకే ఐసీయూలో మందు మార్చే ముందు మూడు ప్రశ్నలు ఇదే వరుసలో వేసుకోవాలి: లైన్ (బీపీ కొలవడానికి ధమనిలో పెట్టిన గొట్టం) నిజం చెబుతోందా? రక్తప్రవాహం చాలుతోందా? చాలకపోతే లోపం ఎక్కడ?

సమస్య 1: మానిటర్‌లో బీపీకి, పేషెంటు స్థితికి పొంతన లేదు

మొదటి అనుమానం ట్రాన్స్‌డ్యూసర్ (లైన్‌లోని ఒత్తిడిని మానిటర్‌కు పంపే పరికరం) ఎత్తు మీదే ఉండాలి. అది నాలుగో పక్కటెముకల సందు, చంక మధ్య గీత కలిసేచోటుకు సమంగా ఉండాలి. 10 సెం.మీ. తేడా వస్తే రీడింగ్ సుమారు 7.5 మి.మీ. (పాదరసం) మారుతుంది. పక్క మార్చేటప్పుడు మంచం పైకి లేపి, స్టాండుకు ఉన్న ట్రాన్స్‌డ్యూసర్‌ను అలాగే వదిలేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి ఎవరో నార్‌అడ్రినలిన్ తగ్గిస్తారు. నైట్ డ్యూటీల్లో తరచూ జరిగే పొరపాటిది. మంచం కదిలిన ప్రతిసారీ లెవెల్ సరిచూడాలి.

తర్వాత ఫ్లష్ టెస్ట్, అంటే ప్రెషర్ బ్యాగ్‌లోని సెలైన్‌ను లైన్‌లోకి ఒక్కసారి వదిలి చూడటం. ఫ్లష్ లాగి వదిలితే గీత నిలువుగా పడి, ఒకటి రెండు ఊపులు ఊగి మామూలు వేవ్‌లోకి రావాలి. ఊపే లేకుండా నెమ్మదిగా దిగితే లైన్ మందగించినట్టు. అప్పుడు సిస్టాలిక్ తక్కువ, డయాస్టాలిక్ ఎక్కువ చూపిస్తుంది. గాలి బుడగ, మణికట్టు దగ్గర మడత, గడ్డ, 300 మి.మీ. కంటే తగ్గిన ప్రెషర్ బ్యాగ్ దీనికి కారణాలు. బ్యాగ్ పెంచండి, బుడగలు తీసేయండి, సిరంజితో వెనక్కి లాగి చూడండి. గడ్డ ఉందనిపిస్తే లోపలికి నెట్టొద్దు. అదేపనిగా ఊగుతుంటే సిస్టాలిక్ ఎక్కువ చూపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ కాస్త నమ్మదగింది సగటు బీపీ, అంటే మ్యాప్. నార్‌అడ్రినలిన్ డోసు బాగా ఎక్కువగా ఉంటే రేడియల్ (మణికట్టు) లైన్ అసలు కంటే తక్కువ చూపించవచ్చు. అనుమానం తీరకపోతే ఫెమొరల్ (తొడ మొదట్లో) లైన్ వేయండి.

సమస్య 2: మ్యాప్ 65 దాటింది, కానీ చేతులు చల్లగా ఉన్నాయి, మూత్రం తక్కువ, లాక్టేట్ (రక్తప్రవాహం చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) దిగడం లేదు

అసలు చిక్కు ఇక్కడే. నార్‌అడ్రినలిన్ రక్తనాళాలను బిగించి అంకెను నిలబెట్టింది. ఆ బిగువుకు ఎదురుగా నెట్టే శక్తి గుండెకు లేదు. మందుకు ముందు తీసిన ఎకోలో ఈఎఫ్ (ఎడమ జఠరిక ఒక్కో కొట్టుడుకు బయటికి నెట్టే రక్తం శాతం) బాగానే ఉందన్న ధీమా పనికిరాదు. నాళాలు వదులుగా ఉన్నప్పుడు నీరసించిన గుండె కూడా బాగానే కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. మ్యాప్ నిలబడ్డాక ఎకో మళ్లీ తీసి ఎల్‌వీఓటీ వీటీఐ (ఎడమ జఠరిక నుంచి బయటికెళ్లే దారిలో ఒక్కో కొట్టుడుకు రక్తం సాగే దూరం) చూడండి. 18 నుంచి 22 సెం.మీ. మామూలు. 15 కంటే తక్కువైతే ప్రవాహం చాలట్లేదు. వేలి కొనను 10 సెకన్లు నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటినా, సిర, ధమని రక్తాల మధ్య పీసీఓ2 (కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి) తేడా 6 మి.మీ. దాటినా అనుమానం బలపడుతుంది. ఎస్‌సీవీఓ2 (గుండెకు తిరిగొచ్చే సిర రక్తంలో ఆక్సిజన్ శాతం) 80 ఉందని ఊరట పడొద్దు, సెప్సిస్‌లో కణాలు ఆక్సిజన్ వాడుకోకపోయినా అది పెరుగుతుంది.

ఫ్లూయిడ్ పనిచేస్తుందో లేదో కాళ్లు ఎత్తి తేల్చండి. తల వైపు 45 డిగ్రీల్లో ఉన్న పేషెంటును మంచం తిప్పి, వీపు బల్లపరుపుగా, కాళ్లు 45 డిగ్రీల్లో వచ్చేలా చేయాలి. చేత్తో కాళ్లెత్తితే నొప్పికే బీపీ పెరుగుతుంది. ఒక నిమిషంలోపు వీటీఐ 10 శాతానికి పైగా పెరిగితేనే ఫ్లూయిడ్. పల్స్ ప్రెషర్ వేరియేషన్‌ను (వెంటిలేటర్ ఊపిరితో పల్స్ ప్రెషర్ మారే శాతం) ఏఎఫ్‌లో (గుండె లయ తప్పినప్పుడు), పేషెంటు సొంతంగా ఊపిరి తీస్తున్నప్పుడు, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి) కిలోకు 6 మి.లీ. ఉన్నప్పుడు నమ్మొద్దు.

కాళ్లెత్తినా వీటీఐ పెరగకపోతే నార్‌అడ్రినలిన్‌కు తోడు డోబుటమిన్ (గుండె కొట్టుడుకు బలమిచ్చే మందు), నిమిషానికి కిలోకు 2.5 మైక్రోగ్రాములతో మొదలు. 250 మి.గ్రా. 50 మి.లీ.లో కలిపితే 60 కిలోల మనిషికి గంటకు 1.8 మి.లీ. అరగంటకొకసారి వీటీఐ, వేలి రంగు చూసి పెంచండి. గుండె వేగం పెరిగి వీటీఐ కదలకపోతే ఆపేయండి. డోబుటమిన్ బదులు అడ్రినలిన్ వాడితే మందు వల్లే లాక్టేట్ పెరుగుతుంది, అప్పుడు లాక్టేట్ కొలమానం కాదు.

సమస్య 3: డోబుటమిన్ పెట్టగానే బీపీ ఇంకా పడింది

ఫ్లూయిడ్ లోటు ఉండొచ్చు, లేదా నాళాలు వదులై ఉండొచ్చు. బీపీ వల్ల గుండె గోడలు దళసరెక్కిన పెద్దవయసు వారిలో మాత్రం రక్తం బయటికి వెళ్లే దారే మూసుకుపోతుందేమో చూడాలి. డాప్లర్‌లో గీత బాకులా కనిపిస్తుంది. డోబుటమిన్ ఆపి, ఫ్లూయిడ్ ఇచ్చి, వాసోప్రెసిన్ (నాళాలను బిగించే మరో మందు) నిమిషానికి 0.03 యూనిట్లు చేర్చండి. అడ్రినలిన్ జోలికి పోవద్దు.

సమస్య 4: ఫ్లూయిడ్ ఇచ్చినకొద్దీ బీపీ తగ్గుతూ సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) పెరుగుతోంది

కుడి జఠరిక ఉబ్బి, మధ్య గోడను ఎడమవైపు నెడుతోందేమో ఎకోలో చూడండి. అదే అయితే ఫ్లూయిడ్ ఆపండి. పీప్ (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ నిలిపే ఒత్తిడి) వీలైనంత తగ్గించండి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, అసిడోసిస్ (రక్తంలో ఆమ్లత పెరగడం) సరిచేయండి. మ్యాప్‌ను నార్‌అడ్రినలిన్‌తో నిలపండి.

సెప్సిస్ వల్ల వచ్చిన గుండె నీరసం బతికినవారిలో సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో సర్దుకుంటుంది. గోడలో ఒక భాగం మాత్రమే కదలకపోతే సెప్సిస్ ఖాతాలో వేయకుండా ఈసీజీ, ట్రోపొనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష) పంపి కార్డియాలజిస్టును పిలవండి.