పగిలిన సరుకు వస్తే చాట్‌లో వాదించకండి
మొన్న ఆన్‌లైన్‌లో మిక్సీ తెప్పిస్తే చట్నీ జారు పగిలి వచ్చింది. ఊరెళ్లి వచ్చి విప్పేసరికి ఆలస్యమైంది, ఇక కస్టమర్ కేర్ చాట్‌లో ‘రిటర్న్ గడువు అయిపోయింది’ అని ఒకటే పాట. మీకూ ఇలా అయితే అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోకండి, సైట్ అడుగున ఎక్కడో (కావాలనే దాస్తారనుకుంటా) గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారి) ఈమెయిల్ ఉంటుంది, దానికి బిల్లు, ఫోటోలు జతచేసి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. పలకలేదా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వస్తువుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు.