పక్షవాతం వచ్చినవాళ్ళకి తినిపించడం, మాట్లాడించడం ఇంట్లో ఎలా

మా కోనసీమ వైపు పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే చూడ్డానికొచ్చిన చుట్టాలు ముందు చేసే పని, బొండాం కొట్టించి గ్లాసుతో నోటికి అందించడం. ప్రేమతోనే చేస్తారు కానీ దయచేసి చెయ్యనివ్వకండి. కొబ్బరినీళ్ళు, మంచినీళ్ళు, టీ, పల్చటి మజ్జిగ ఇవే ఎక్కువ ప్రమాదం, పల్చటివి గొంతులో గబుక్కున జారిపోతాయి, స్ట్రోక్ తర్వాత మింగే కండరాలు నెమ్మదిస్తాయి కాబట్టి గాలిగొట్టం మూసుకునేలోపే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దాంతో నిమోనియా రావచ్చు. పొలమారితే నెత్తి మీద తట్టి ఎవరో తలుచుకుంటున్నారు అనేస్తాం కదా, ఈ మనిషి విషయంలో మాత్రం అలా తీసిపారెయ్యకండి. ఇంకో సంగతి, కొంతమందికి లోపలికి పోయినా దగ్గే రాదు. అందుకే మింగిన తర్వాత ఒకసారి "ఆ" అనమనండి, గొంతు తడితడిగా గరగరలాడితే ఆపెయ్యండి. తినేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు, ఆయాసం, మాటిమాటికీ జ్వరం కూడా అవే గుర్తులు.

కాబట్టి డిశ్చార్జికి ముందే డాక్టర్‌గారిని మింగే పరీక్ష అయ్యిందా అని అడగండి. ఇది చేసేది స్పీచ్ థెరపిస్టే, మాటలు నేర్పడమే కాదు మింగడం కూడా వాళ్ళ పనే, ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు. అనుమానముంటే బేరియం కలిపిన తిండి మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్న కెమెరా పెట్టి చూస్తారు. ఏ చిక్కదనంలో ఇవ్వాలో వాళ్ళు చెప్పిందే ఫైనల్, కింద రాసింది ఆ తర్వాత ఇంట్లో పాటించడానికి.

పడుకోబెట్టి తినిపించొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, పడిపోయిన చేతి వైపు దిండు పెట్టండి, తిన్నాక అరగంట అలాగే కూర్చోవాలి. చిన్న స్పూన్‌తో, బాగున్న వైపు నుంచి పెట్టండి, మింగేశారని చూసుకున్నాకే రెండోది. బలం లేని బుగ్గలో ముద్ద ఉండిపోద్ది, వాళ్ళకి తెలీదు, చివర్లో లైటేసి చూడండి. టీవీ ఆపెయ్యండి, నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకండి. గడ్డం కిందకి దించి మింగమనడం అందరికీ పనిచెయ్యదు, థెరపిస్ట్ చెబితేనే చేయించండి.

చిక్కదనం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. రాగిజావ వేడిగా ఉంటే పల్చగా, చల్లారితే గట్టిగా అవుద్ది, అందుకని పెట్టే వేడిలోనే చూసుకోవాలి. దానికో సులువుంది, మందుల షాపులో 10 మి.లీ. సిరంజి కొని (0 నుంచి 10 గీత వరకు పొడవు 61.5 మి.మీ. ఉండాలి) వెనక పుల్ల తీసేసి, కొసని వేలితో మూసి, 10 గీత దాకా పోసి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్ళీ మూసెయ్యండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే లెవెల్ 1 (లెవెల్ అంటే థెరపిస్టులు చిక్కదనానికి వాడే కొలత, అంకె పెరిగేకొద్దీ చిక్కన), 4 నుంచి 8 అయితే లెవెల్ 2, 8 దాటి మిగిలినా కొంచెమైనా కారితే లెవెల్ 3. ఏ లెవెల్ అని థెరపిస్ట్‌ని అడిగి రాసుకోండి. ఇక బియ్యప్పిండితో, గంజితో చిక్కచేసింది ఉమ్ము తగిలితే మళ్ళీ పల్చబడిపోద్ది, ఎంగిలి స్పూన్ గిన్నెలో పెట్టి వదిలేస్తే ఇంకా త్వరగా. గ్జాంథాన్ గమ్ అనే జిగురు ఉన్న థికెనర్ (చిక్కచేసే) పౌడర్‌కి ఆ ఇబ్బంది లేదు.

చారన్నం మెత్తగానే ఉందిగా అనుకుంటారు, కానీ నీళ్ళూ మెతుకులూ కలిసున్న తిండి ఈ మనిషికి చాలా కష్టం, నీళ్ళు ముందు జారిపోతాయి మెతుకు వెనక ఉండిపోద్ది. ముంజలు, పాకం కారే మడతకాజా కూడా అంతే. పూతరేకు పొడిపొడిగా అంగిలికి అతుక్కుంటుంది, కొన్నాళ్ళు ఆగండి. ముద్దపప్పుతో బాగా మెదిపిన అన్నం, బాగా మగ్గి మెదిపిన అరటిపండు లాంటివి అయితే ఏది పెట్టొచ్చో అడిగి పెట్టండి. మాత్రలు మీ అంతట మీరు నూరొద్దు, కొన్ని నూరితే ప్రమాదం.

తిండి పోయడానికి ముక్కులో గొట్టం ఉన్నా సరే రోజుకి రెండుసార్లు పళ్ళు తోమాల్సిందే, నోట్లో పాచి ఉమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయినా నిమోనియానే. గొట్టంలో పోసేటప్పుడూ తల ఎత్తుగా ఉండాలి. గొట్టం ఉందని మనసు ఒప్పుకోక నోటితో రెండు స్పూన్లు దొంగచాటుగా పెడతారు మనవాళ్ళు, ఆ రెండు స్పూన్లే ఐసీయూకి తీసుకెళ్ళొచ్చు.

ఇక మాట. కుడి చెయ్యి కాలు పడిపోయినవాళ్ళకి ఎక్కువగా మాట కూడా పోద్ది, చాలామందికి భాష ఉండేది ఎడమ మెదడులో కాబట్టి. మాట రాకపోతే బుద్ధి పోయినట్టు కాదు, చెవుడు అంతకన్నా కాదు, గట్టిగా అరవకండి. మావయ్యగారి ముందే "ఈయనకేం తెలీదులే" అనుకోకండి, వింటారు, బాధపడతారు. ఒక్కసారికి ఒక్క చిన్న ప్రశ్న, "కాఫీ కావాలా, పాలు కావాలా" అని రెండూ చూపించి అడగండి, తర్వాత నోరు మూసుకుని ఆగండి. ఆగడమే కష్టం, మాట వెతుక్కుంటుంటే మనం అందించేస్తాం.

ఆది సోమ మంగళ, ఒకటి రెండు మూడు, చైత్రం వైశాఖం, ఎప్పుడూ పాడుకునే భజన పాటలు, ఇవి మామూలు మాట రానివాళ్ళకీ చాలాసార్లు వచ్చేస్తాయి, వాటితో మొదలుపెట్టి "నీళ్ళు", "బాత్రూం", మనవల పేర్లు ఇలా రోజూ పనికొచ్చే మాటల్లోకి రండి. ఎడమచేత్తో తాళం వేయిస్తూ సాగదీసి చెప్పించండి. ఫోన్లో ఇంటివాళ్ళ ఫోటోలు చూపించండి. ఒక్కసారి గంట కూర్చోబెట్టే కన్నా రోజుకి నాలుగైదుసార్లు పది నిమిషాలు నయం, అలిసిపోతే ఆపెయ్యాలి. మాట ముద్దగా వస్తుంటే అది వేరే సమస్య, పెదాలు నాలుక బలం తగ్గినట్టు, వాళ్ళ కసరత్తులు వేరే ఉంటాయి.

కాకినాడ, రాజమండ్రి పెద్దాసుపత్రుల్లో థెరపిస్ట్ ఉన్నారేమో ముందు కనుక్కోండి, ప్రైవేట్‌లో చూపిస్తే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడగడంలో తప్పేం లేదు. ఊరు దూరమైతే నెలకోసారి వెళ్ళి ఎలా చేయించాలో మీరు నేర్చుకుని రండి, మధ్యలో వీడియో కాల్‌లో చూపించొచ్చేమో అడగండి. జ్వరం, ఆయాసం, కఫం ఎక్కువవడం, తింటూ రంగు మారడం కనిపిస్తే మాత్రం తిండి ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి.