గులాబీలు వాజ్‌లో పెట్టే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి గులాబీల కట్ట తెచ్చాక, కాగితం విప్పి అలాగే నీళ్లలో పెట్టేయకండి. నాలుగు రోజులు నిలవాల్సిన పూలు రెండో రోజుకే వాడిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

– వాజ్ లోపల సబ్బుతో బాగా రుద్ది కడగాలి. గోడకు వేలు తగిలిస్తే జిగురుగా ఉందంటే పాత బ్యాక్టీరియా ఇంకా ఉన్నట్టే, కాడల్లోని సన్నటి గొట్టాలను మూసేసేది అదే.

– కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కోయాలి, ఇది మాత్రం అస్సలు మానకండి. పూలు ఇంటికి చేరేలోపే కోసిన చోట గాలి చేరి నీళ్లు పైకి ఎక్కవు, అందుకే మొగ్గ విచ్చుకోకుండానే మెడ వాల్చేస్తుంది. కాడను బకెట్ నీళ్లలో ముంచి ఉంచి కోస్తే ఇంకా మంచిది. మొద్దు కత్తెర వాడితే కాడ నలిగిపోతుంది, పదునైన చాకు తీసుకోండి.

– నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచేయండి, కుళ్లిపోతాయి.

– లీటరు నీళ్లకు ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం. వట్టి పంచదార వద్దు, బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది.

– కట్టలో జర్బెరాలు (పెద్ద చామంతిలా కనిపించే పూలు) కూడా ఉంటే వాటిని విడిగా, రెండు అంగుళాల నీళ్లలోనే పెట్టండి. వాటి మెత్తటి కాడ ఎక్కువ నీళ్లలో కుళ్లుతుంది.

– ఫ్యాన్ కింద, ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. అరటి, మామిడి పండ్ల పక్కన అసలే వద్దు, పండేటప్పుడు వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూలను త్వరగా ముసలివి చేస్తుంది.

నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి, మార్చినప్పుడల్లా కాడ చివర మళ్లీ కాస్త కోయండి.